నెల్లీ నవ్విందా?

మిస్ హారియట్ ఇంట్లో బేస్‌మెంట్ మెట్లు దిగుతుంటే నాకు కర్పూరం వాసన తగిలింది. అక్కడే ఆగిపోయాను. మాకు నాలుగిళ్ళ అవతల ఒంటరిగా ఉండే ఎనభై మూడేళ్ళ తెల్లావిడ. ఆవిడ ఇంట్లో హారతి ఎవరిస్తారు? అప్పటికే కిందికి దిగిపోయిన మా వసు వెనక్కి తిరిగి, "రా అమ్మా, భయం లేదు" అంది.

మా ఇంట్లో నాతో ఎవరు ఏం చెప్పాలన్నా ముందు ఆ మాట అనేవారు.

నాది అలాంటి స్వభావం మరి. ఇంట్లోంచి కదిలామంటే ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకానో లేదో చూడ్డానికి వీధి చివర్నించి కారు వెనక్కి తిప్పించేదాన్ని. ఫ్రీవే ఎక్కితే తలుపు పిడి పట్టుకుని, దిగేదాకా వదిలేదాన్ని కాదు. మా ఆయన అచ్యుతరావు గారు కార్ల కంపెనీలో బ్రేకుల సెక్షన్‌లో ఇంజనీరు. "బ్రేకులు నేను చేస్తాను, కారు నువ్వు ఆపుతావా?" అని ఏడిపించేవారు. వసు పది నిమిషాలు ఆలస్యంగా వస్తే, అప్పటికే నేను దాన్ని ఏ లారీ కిందో చూసేసి, ఏడ్చేసి, మొహం కడుక్కుని ఉండేదాన్ని. పదో తరగతితో ఆగిన చదువు. కొవ్వూరు దాటి ఎరగనిదాన్ని పెళ్ళి చేసి విమానం ఎక్కించారు. మిచిగన్ వచ్చి పధ్నాలుగేళ్ళయినా నా గుండె ఆ విమానం దిగలేదు.

అది 1982 వేసవి. బడికి సెలవులిచ్చిన రోజు నుంచి పదమూడేళ్ళ వసు పొద్దస్తమానం ఆ ముసలావిడ ఇంట్లోనే ఉంటోంది. అంతసేపు అక్కడేం చేస్తోందో చూద్దామని ఆ రోజు నేనూ వెంట వెళ్ళాను.

బేస్‌మెంట్ చల్లగా, మసకగా ఉంది. గోడవారగా పాత పియానో. పక్కన బల్ల మీద అట్లపెనం అంతేసి గుండ్రటి రేకు డబ్బాలు మూడు. వాసన వాటిలోంచే వస్తోంది.

"సినిమా అమ్మా," అంది వసు. "సైలెంట్ మూవీ. 1915ది. డెట్రాయిట్‌లోనే తీశారు. ఇంక ఎక్కడా లేదు. హోల్ వరల్డ్‌లో ఈ ఒక్క కాపీనే."

"కర్పూరం వాసన వస్తోందేమే?"

వసు ఆ మాట ఆవిడకి చెబితే మిస్ హారియట్ నవ్వింది. ఆ రోజుల్లో ఫిల్ము తయారుచేసేటప్పుడు అందులో కర్పూరం కలిపేవారట. అది విన్నాక ఆవిడ ఇల్లంటే నాకున్న బెరుకు సగం పోయింది. కర్పూరం ఉన్నచోట చెడేం ఉంటుందిలే అనుకున్నాను.

ఆవిడ కళ్ళకి శుక్లాలు. మన మొహం ఎక్కడుందో తెలీక చెవికేసి చూస్తూ మాట్లాడేది. నా ఇంగ్లీషు కిరాణా కొట్టుకీ, డాక్టరుకీ సరిపోయేంత. అందుకని వసు మా ఇద్దరి మధ్యా కూచుని అటు మాట ఇటు చేరవేసింది.

పదహారేళ్ళప్పుడు హారియట్ డెట్రాయిట్‌లో ఒక చిన్న సినిమా హాల్లో పియానో వాయించేదట. తెర మీది మనుషులు మాట్లాడరు కదా. గుర్రం పరిగెత్తితే గుర్రం పాట, పెళ్ళి జరిగితే పెళ్ళి పాట ఈవిడ కింద కూచుని వాయించాలి. ఆ ఊళ్ళోనే ఎవరో నలుగురు కలిసి ఒక సినిమా తీస్తూ, కథానాయిక కావాలని పేపర్లో వేశారు. హారియట్ తన అక్క నెల్లీ ఫోటో పంపించింది. అక్కకి చెప్పలేదు. వాళ్ళకి నచ్చింది, రమ్మన్నారు. కథంతా నది మీద. నెల్లీకేమో నీళ్ళంటే భయం.

"నేనే బతిమాలాను, నేనే చెయ్యి పట్టుకుని తీసికెళ్ళాను," అంది మిస్ హారియట్, నా చెవికేసి చూస్తూ.

అక్టోబరు నెల. డెట్రాయిట్ నదిలో చిన్న పడవ. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ పిల్లని తడిగుడ్డల్లో కూచోబెట్టి తీశారట. ఆ చలి ఛాతీలో చేరింది. ఆ సినిమా తయారై హాల్లో ఆడే వేళకి నెల్లీ మంచం మీద ఉంది.

"లాస్ట్‌లో ఒక సీన్ ఉందమ్మా," అంది వసు. "బోట్ పెద్ద వేవ్‌లోకి వెళ్తుంది. అప్పుడు నెల్లీ ఫేస్ దగ్గరగా చూపిస్తారు. నోరు ఓపెన్ చేస్తుంది. అంతే. కింద వర్డ్స్ కూడా వేయలేదు. నవ్వుతుందా, స్క్రీమ్ చేస్తుందా ఎవరికీ తెలీదు. హాల్లో సగం మంది అదీ, సగం మంది ఇదీ. మిస్ హారియట్‌కి ఏం ప్లే చేయాలో తెలీలేదు. ఫస్ట్ డే హ్యాపీ మ్యూజిక్ చేసింది. సెకండ్ డే తుఫాన్ మ్యూజిక్."

"అక్కనే అడక్కపోయిందా?"

అడిగిందట. ఒళ్ళు పేలిపోయే జ్వరంలో నెల్లీ, "నువ్వేం వాయించావు?" అని ఎదురు అడిగిందట. సంతోషంగా ఉండేదే వాయించానని ఈవిడ అబద్ధం సగం, నిజం సగం చెప్పింది. "అయితే అదే కానీ" అని నెల్లీ అటు తిరిగి పడుకుంది. నాలుగో రోజుకి పోయింది. పందొమ్మిదేళ్ళు.

మిస్ హారియట్ ఒడిలో చేతులు పెట్టుకుని మెల్లిగా ఏదో చెప్పింది. వసు వెంటనే తెలుగు చేయలేదు. నేను మోచేత్తో పొడిస్తే అప్పుడు చెప్పింది.

"నవ్వితే ఇష్టపడి చేసినట్టు. స్క్రీమ్ చేస్తే, భయపడే అక్కని తనే పుష్ చేసినట్టు. సిక్స్‌టీ సెవెన్ ఇయర్స్ నుంచి అదే అడుగుతోంది తనని తను."

మాటల సినిమాలు వచ్చాక ఆ హాలువాళ్ళు పాత ఫిల్ములు పారేస్తుంటే ఈవిడ ఈ మూడు డబ్బాలూ ఒళ్ళో పెట్టుకుని ట్రాములో ఇంటికి తెచ్చుకుంది. ఆడించే మిషను లేదు. విప్పి చూద్దామంటే ఎక్కడ విరుగుతుందోనని భయం. ఈ మధ్య వసు చేత ఒక మ్యూజియంకి ఉత్తరం రాయిస్తే, వాళ్ళ మనిషి ఆగస్టు రెండో తారీకున కార్లో వచ్చి స్వయంగా తీసికెళతానన్నాడు. కొత్త కాపీ చేసి, తెర తెచ్చి, ఆవిడ ముందర వేసి చూపిస్తాడట. పెద్ద తెర అయితే తన కళ్ళకి ఆనుతుందని ఆవిడ ఆశ.

"మనిషి రావడం ఎందుకు? పోస్టులో పంపితే పోదూ?" అన్నాను.

వసు మిస్ హారియట్ వంక చూసింది. "పాతది కదమ్మా. విరిగిపోతుంది," అంది.

ఇంటికొస్తూ దారిలో, "నీళ్ళంటే భయపడే పిల్లని ఏమిటే ఆ చంపుకు తినడం!" అన్నాను. నా మనసంతా నెల్లీ వైపే ఉంది.

"అమ్మా, నీకు అన్నీ భయమే. తనకి ఒక్కటే," అంది వసు, నవ్వుతూ.

---

జులై రెండో వారంలో మిస్ హారియట్ బాత్రూంలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఒహాయో నుంచి ఆవిడ మేనల్లుడొకడు దిగి, ఆవిడ ఇంక ఆ ఇంటికి తిరిగిరాదని తనే తేల్చేసి, సామాన్లు వీధిలో పెట్టించడం మొదలుపెట్టాడు. ఆసుపత్రి మంచం మీంచి ఆవిడ అడిగింది ఒక్కటే: ఆ మూడు డబ్బాలూ రెండో తారీకు దాకా వసు దగ్గర పెట్టుకోమని.

వసు తన చిన్నప్పటి ఎర్ర బండిలో వాటిని పెట్టి లాక్కొచ్చింది. ఆ సాయంత్రం వాళ్ళ నాన్నా అదీ గరాజ్‌లో చాలాసేపు గుసగుసలాడుకున్నారు. నేను వెళ్ళేసరికి మాటలు ఆపేశారు.

"బేస్‌మెంట్‌లో మెట్ల కింద పెట్టు. అక్కడ చల్లగా ఉంటుంది," అన్నారాయన.

"ఎవరూ ముట్టుకోవద్దు," అంది వసు, నాకేసి చూసి. "కూల్‌గా ఉండాలి. దట్సాల్. భయం లేదు."

"నేనెందుకు ముట్టుకుంటానే!"

నాకు ఇంకో దిగులు ఉందప్పుడు. డెట్రాయిట్‌లో కార్ల కంపెనీలన్నీ మనుషుల్ని తీసేస్తున్నాయి. మా తెలుగువాళ్ళలోనే ముగ్గురు ఇళ్ళు అమ్ముకుని టెక్సాస్ పోయారు. ఏ ఇంట్లో ఫోను మోగినా అదే కబురు. "మన సంగతేమిటండీ?" అని రోజూ అడిగేదాన్ని. "బ్రేకులు లేకుండా కార్లు అమ్ముతారా?" అనేవారాయన. జూన్ నుంచి ఆఫీసుకి ఫోను మాత్రం చేయొద్దన్నారు. కొత్త మేనేజరు స్ట్రిక్టట. అంతకుముందు రోజుకి రెండుసార్లయినా చేసేదాన్ని, క్షేమంగా చేరారా అని. మానేశాను. నా ఫోను వల్ల ఉద్యోగం పోయిందంటే ఇంకేమన్నా ఉందా! పొద్దున్నే టై కట్టుకుని, టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళేవారు. ఐదున్నరకి వచ్చేవారు. డబ్బా ఖాళీగానే ఉండేది. కారు ఆగిన చప్పుడు వినగానే హమ్మయ్య అనుకునేదాన్ని.

జులై ఇరవై తొమ్మిది, గురువారం. వారం నుంచి ఎండలు మండిపోతున్నాయి. మిచిగన్‌లో అలాంటి ఎండ ఏడాదికి నాలుగు రోజులు కూడా దొరకదు. ఆ నాలుగు రోజుల కోసం నేను ఏడాదంతా కాచుకుని ఉండేదాన్ని. మామిడికాయలు దొరకవు కనుక పుల్లటి పచ్చ యాపిల్స్ తరిగి, ఉప్పులో ఊరేసి, డ్రైవ్‌వే మీద పాత దుప్పటి పరిచి మాగాయకి ఎండబెట్టేదాన్ని. పప్పులు, ఎండుమిరపకాయలు, చలికాలమంతా మూలిగిన పట్టుచీరలు, అన్నిటికీ ఆ నల్లటి తారే మా డాబా.

బియ్యం కోసం బేస్‌మెంట్‌లోకి దిగాను. మెట్ల కింద కర్పూరం వాసన పోయి, ఏదో ముక్కు మండే కంపు కొడుతోంది. పై డబ్బా మూత ఉబ్బి ఉంది. ముట్టుకోనన్నదాన్నే కానీ, చూడకుండా ఎలా ఉండను? మూత తీశాను. ఫిల్ము చుట్టకి ఒక పక్క బంకలాగా చెమ్మ. అంచుల మీద గోధుమరంగు పొడి.

బూజు పట్టింది అనుకున్నాను. మన బేస్‌మెంట్ తేమకి మన చేతుల్లో పాడైపోయింది. సోమవారం ఆ మ్యూజియం మనిషి వస్తాడు. నమ్మి అప్పగించిన ముసలావిడ వస్తువు ఇలా చేతిలో పెడితే ఏమనుకుంటాడు?

వసు ఆసుపత్రిలో మిస్ హారియట్ దగ్గర ఉంది. ఎండలో పెట్టనా అని ఎవర్నన్నా అడిగి చేయడం మంచిది. ఇది ముఖ్యమైన సంగతే కదా, ఒక్కసారికి ఏమీ అనుకోరులే అని ఆయన ఆఫీసుకి ఫోను చేశాను.

ఎత్తినమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. మిస్టర్ రావు ఇక్కడ పనిచేయడం లేదండీ. మే నెలాఖరుతో మానేశారు.

ఫోను పెట్టేశాను. కాసేపు వంటింట్లోనే నిలబడ్డాను. ఆ పూట పొద్దున్న కూడా పెరుగన్నం కలిపి, నిమ్మకాయ బద్ద పెట్టి డబ్బా ఇచ్చాను. ఆయన దాన్ని తీసుకుని ఎక్కడికి వెళుతున్నారు? ఎక్కడ కూచుని తింటున్నారు? రెండు నెలలు.

నా చేతులకి ఏదో ఒక పని కావాలి. ఆ ఇంట్లో నాకు బాగుచేయడం తెలిసింది ఆ తేమ ఒక్కటే.

మూడు డబ్బాలూ మోసుకొచ్చి డ్రైవ్‌వే మీద మాగాయ ముక్కల పక్కన పెట్టాను. మూతలన్నీ తీసేశాను. బంక పట్టిన చుట్టని మెల్లిగా కదిపితే పైన చుట్టిన కొస జానెడు నా చేతిలోకి ఊడి వచ్చింది. ఎండకి పట్టి చూశాను. బొటనవేలి గోరంత బొమ్మలు, ఒకదాని కింద ఒకటి, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. పడవలో పిల్ల. జుట్టు గాలికి ఎగురుతోంది. నోరు తెరిచి ఉంది.

లోపల కుక్కరు కూత వేసింది. ఆ ముక్కని డబ్బాలో పెట్టి వెళ్ళాను.

మూడో కూతకి స్టవ్ ఆపాను. కిటికీలోంచి భుస్సుమని చప్పుడు వినిపించింది. బయటికి చూస్తే గరాజ్ తలుపంత ఎత్తున పసుపు పచ్చటి మంట. అగ్గిపుల్ల లేదు, కిరసనాయిలు లేదు, ఎవరూ లేరు. పరిగెత్తికెళ్ళి తోట గొట్టం విప్పి నీళ్ళు కొట్టాను. నీళ్ళకి అది ఆరలేదు. నీళ్ళ కిందే మండింది. ఒక డబ్బా నుంచి రెండోదానికి, రెండోదాన్నుంచి మూడోదానికి. ఎదురింటాయన వచ్చి నన్ను జబ్బ పట్టుకుని వెనక్కి లాగాడు. ఫైరింజను వచ్చేసరికి చల్లార్చడానికి ఏమీ మిగల్లేదు. కరిగి నల్లగా పొక్కిన తారు, మాడిన యాపిల్ ముక్కలు, మూడు రేకు చిప్పలు.

అన్నీ కలిపి నిమిషం పట్టి ఉంటుంది. కర్పూరంలాగే, బూడిద కూడా సరిగ్గా లేదు.

---

వసు సైకిలు వీధి మొదట్లోనే వదిలేసి పరిగెత్తుకొచ్చింది. ముందు నన్ను తడిమి చూసింది, చేతులూ మొహమూ. తర్వాత నేల వైపు చూసింది.

"అమ్మా. ఎందుకు తీశావు?"

"బూజు పట్టిందే. కాస్త ఎండ తగిలితే..."

"అది బూజు కాదు! హీట్ తగిలితే ఫైర్ వస్తుంది దానికి! కూల్‌గా ఉంచాలని చెప్పానా లేదా?"

"చల్లగా ఉంచాలన్నావు. అంటుకుంటుందని నాకెవరు చెప్పారే?"

అది లోపలికెళ్ళి, తన బల్ల సొరుగులోంచి ఒక ఉత్తరం తెచ్చి నా చేతిలో పెట్టింది. మ్యూజియం ఉత్తరం. పాత ఫిల్ము వేడికి దానంతటదే అంటుకోగలదు, అంటుకుంటే నీళ్ళకి ఆరదు, ఎవరూ తెరవొద్దు అని పెద్ద అక్షరాలతో ఉంది. నాకు అర్థమయ్యే ఇంగ్లీషే.

"నీకు చెప్తే ఇంట్లోకి రానిచ్చేదానివా?" అంది వసు. "నాన్న కూడా చెప్పొద్దన్నారు. నీకు తెలిస్తే నిద్ర పోవని. ఇంట్లో అందరికీ నిద్ర లేకుండా చేస్తావని."

ఐదున్నరకి ఆయన కారు వీధిలోనే ఆపి దిగారు. టై ఉంది, చేతిలో డబ్బా ఉంది. ఫైరువాళ్ళు చుట్టూరా కట్టి వదిలిన రిబ్బను దగ్గర నిలబడి చూశారు. నేను గుమ్మంలో ఉన్నాను. ఆయన మొహం చూస్తే ఏం చెప్పి నన్ను ఊరుకోబెట్టాలా అని వెతుక్కుంటున్నట్టు ఉంది.

"మంచే జరిగిందిలే. ఇంట్లో అంటుకుని ఉంటే ఇల్లు దక్కేది కాదన్నాట్ట ఫైరాఫీసరు. ఎదురింటాయన చెప్పాడు," అన్నారు.

"అన్నం ఎక్కడ తింటున్నారండీ?" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు.

"ఆఫీసుకి ఫోన్ చేశాను. రెండు నెలల్నించి ఎక్కడ కూచుని తింటున్నారు?"

ఆయన డబ్బా కింద పెట్టి మెట్టు మీద కూచున్నారు. "సౌత్‌ఫీల్డ్ లైబ్రరీ వెనకాల బెంచీ ఉంది," అన్నారు. "వసుకి తెలుసు. పుస్తకాలకి వచ్చి చూసింది."

అంటే ఇల్లంతటికీ తెలుసు. తెలీనిది నాకొక్కదానికే. నా కోపం ఎవరి మీదికి విసరాలో తెలియలేదు. ఇన్నేళ్ళూ నా భయం నా ఒక్కదాని బరువే అనుకున్నాను. దాన్ని చూసి వీళ్ళిద్దరూ ఇంట్లో మునివేళ్ళ మీద నడుస్తున్నారని అనుకోలేదు.

---

"మిస్ హారియట్‌కి చెప్పొద్దు," అంది మర్నాడు వసు. "మ్యూజియం వాళ్ళు తీసుకెళ్ళారని చెప్దాం. కాపీ లేట్ అవుతోందని చెప్దాం. షి ఈజ్ ఓల్డ్, అమ్మా."

ఆయన కూడా తలూపారు. "అదే మంచిదేమో."

"వద్దు," అన్నాను. "నేను చెబుతాను."

శనివారం మధ్యాహ్నం ముగ్గురం వెళ్ళాం. ఆయన కింద కార్లోనే ఉండిపోయారు. మిస్ హారియట్ మంచంలో దిండ్లకి ఆనుకుని ఉంది. మూడు వారాల్లో సగమైపోయింది మనిషి. అడుగుల చప్పుడుకే గుర్తుపట్టి, "వాసూ! ఇంక రెండు రోజులే!" అంది. సోమవారానికి జుట్టు దువ్వించుకోవాలని నర్సుతో చెప్పి పెట్టుకుందట.

వసు గోడ దగ్గర నిలబడిపోయింది. నేను వెళ్ళి మంచం పక్కన కూచున్నాను. దార్లో వల్లెవేసుకున్న ఇంగ్లీషంతా ఎటో పోయింది.

"నేను కాల్చేశాను," అన్నాను. "మీ సినిమా. వసు కాదు. నేను. ఎండలో పెట్టాను."

ఆవిడ నా చెవికేసి చూస్తూ ఉంది.

"మూడూనా?"

"మూడూ."

మొహం కిటికీ వైపు తిప్పుకుంది. ఆ కిటికీలో ఆవిడకి వెలుతురు తప్ప ఏమీ కనబడదు. నర్సు వచ్చి ఏదో మందు ఇచ్చి వెళ్ళింది. తిడుతుందేమోనని కాచుకున్నాను. తిట్టినా బాగుండేది. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను కానీ, ఆవిడే ముందు మాట్లాడింది.

"ఎండలో పెట్టినప్పుడు విప్పావా?"

"కొంచెం. చెయ్యి పొడుగు కూడా లేదు."

"ఏం ఉంది అందులో?"

"పడవ," అన్నాను. "అమ్మాయి."

ఆవిడ చెయ్యి దుప్పటి కిందనుంచి వచ్చి నా మణికట్టు దొరకబుచ్చుకుంది. అంత ముసలి చేతిలో అంత బలం ఉంటుందనుకోలేదు. అరవై ఏడేళ్ళ తర్వాత నెల్లీ మొహం చూసినదాన్ని నేను ఒక్కదాన్నే. ఇంక ఎవరూ చూడలేరు.

"జుట్టు?"

"ఎగురుతోంది. రిబ్బను ఉంది. నోరు తెరిచి ఉంది."

"నవ్వుతోందా?"

నేను చూసింది కుక్కరు కూతకీ కూతకీ మధ్య. కానీ బాగా చూశాను. నోరు ఒక్కటీ చూస్తే నవ్వే అనుకోవచ్చు. హాల్లో సగం మంది అందుకే అలా అనుకుని ఉంటారు. నేను చేతులు చూశాను. బొమ్మకి అడుగున, పడవ అంచు మీద, రెండు చేతులు. వేళ్ళు చెక్కలోకి దిగిపోయేలా బిగించి ఉన్నాయి. పిల్ల నవ్వేటప్పుడు అలా పట్టుకోదు. ఏ ఫ్రీవే మీద ఏ పూట చూసినా నా చెయ్యి అలాగే ఉంటుంది. ఆ పట్టు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"లాఫింగ్," అన్నాను.

"నిజంగా?"

"టూ మచ్ లాఫింగ్."

మిస్ హారియట్ నా చెయ్యి వదిలింది. కళ్ళు మూసుకుంది. నీళ్ళు చెంపల మీంచి చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు. కాసేపటికి ఆవిడ వేళ్ళు దుప్పటి మీద కదలడం మొదలుపెట్టాయి. ముందు కుడిచెయ్యి, తర్వాత ఎడమది. మెల్లిగా మొదలై వేగం అందుకున్నాయి. ఏ పాటో మాకు వినబడలేదు. అది అయ్యేదాకా వసూ నేనూ కదలకుండా ఉన్నాం.

సెప్టెంబరు ఆఖరి వారంలో ఆవిడ పోయింది. మేనల్లుడు పియానో కూడా అమ్మేశాడు. ఆ మ్యూజియం మనిషి సోమవారం పొద్దున అన్నమాట ప్రకారం వచ్చాడు. మూడు ఖాళీ రేకు చిప్పలూ చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, ఇలా పోయినవి లెక్కలేనన్ని ఉన్నాయని మాత్రం అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు.

ఆ శనివారం ఆసుపత్రి నుంచి కార్లో తిరిగొస్తున్నాం. ఫ్రీవే ఎక్కాక ఆయన గొంతు సవరించుకున్నారు.

"మంగళవారం ఇంటర్వ్యూ ఉంది. ఇండియానాలో," అన్నారు. మళ్ళీ ఆయనే, "ఉద్యోగం రాకపోవచ్చు. ఇల్లు అమ్మాల్సి రావచ్చు," అన్నారు.

తలుపు పిడి మీద నా పట్టు బిగిసింది. అయినా "ఊఁ" అన్నాను. "అలాగే" అన్నాను.

వెనక సీట్లోంచి వసు ముందుకి వంగింది.

"అమ్మా. నెల్లీ నిజంగా నవ్విందా?"

నవ్విందని మళ్ళీ అనడం తేలికే. అక్కడ అన్న మాట ఇంకా నోట్లోనే ఉంది. అదీ చిన్న పిల్ల, ఆవిడంటే ప్రాణం.

"లేదు," అన్నాను. "భయపడింది. పడవని గట్టిగా పట్టుకుంది."

వసు ఏడవలేదు. తలుపు పిడి మీద ఉన్న నా చేతికేసి చూసింది. మా పక్కనించి పెద్ద లారీ ఒకటి హోరుమంటూ దాటిపోయింది. అది కనుమరుగయ్యాక మెల్లిగా వెనక్కి జరిగి కూచుంది.

"నాకు చెప్పావు," అంది.